ఆటోక్యాడ్‌ల గీతలు మాయమైతున్నయ్, హ్యాచ్ చెదిరిపోతున్నది: లోపం డ్రైవర్‌దా, డ్రాయింగ్‌దా?

అడిగినవారు: నయీంనగర్ డ్రాఫ్టర్, హనుమకొండ

నమస్తే అన్నలు, అక్కలు. ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌ల ఇండ్ల ప్లాన్లు, లేఅవుట్లు గీస్తుంట. పోయిన వారం ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయింది. అప్పటిసంది కర్సర్ ఎటు జరిపితే అటు దాని మరకలు మిగులుతున్నయ్. జూమ్ చేస్తే గోడల లైన్లు మాయం, రీజెన్ (బొమ్మను మళ్ల గీయించే కమాండ్) కొడితే మళ్ల వస్తయ్. నడిమిట్ల స్క్రీన్ నల్లగై, జరసేపటికి దానంతటదే మామూలైతది.

పరకాల రోడ్డు మీది లేఅవుట్ ఫైల్ ఇంకా ఘోరం. సర్వేయర్ ఇచ్చిన డీజీపీఎస్ (సాటిలైట్‌తోటి సన్నంగ కొలిచిన) పాయింట్ల మీద గీసిన. అందుల రోడ్ల హ్యాచ్ (జాగను నింపే గీతలు, రంగు) అంచులు రంపం పండ్ల లెక్క కనవడుతున్నయ్. పీడీఎఫ్ తీస్తే మాత్రం మంచిగనే వస్తది.

ల్యాప్‌టాప్‌ల ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నది, విడిగ 4 జీబీ ఎన్‌విడియా కార్డు ఉన్నది. ర్యామ్ 16 జీబీ. రిపేర్ షాపుల చూపిస్తే ర్యామ్ పెంచుమన్నరు. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (గీసే పనిని గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే సెట్టింగ్) బంద్ చేస్తే మరకలు పోయినయ్ గని, లేఅవుట్‌ల పాన్ చేస్తే (బొమ్మను పక్కకు జరిపితే) ఆగి ఆగి నడుస్తున్నది. సోమవారం ఫైల్ అప్‌లోడ్ చేయాలె. బంద్ పెట్టుకునే గీయాల్నా, వేరే తొవ్వ ఉన్నదా?

కాజీపేట నుంచి

బంద్ పెట్టుకునే పని కానియ్యి తమ్మీ. 2డీ ప్లాన్లకు యాక్సిలరేషన్ అక్కెర లేదు. నేను ఏండ్లసంది గట్లనే గీస్తున్న.

కరీంనగర్ నుంచి

అన్నా, చిన్న ఇంటి ప్లాన్‌కు మీరన్నది నడుస్తది. హ్యాచ్‌లు, ఎక్స్‌రెఫ్‌లు (వేరే ఫైళ్ల నుంచి జోడించిన డ్రాయింగ్‌లు), కింద శాటిలైట్ బొమ్మ ఉన్న లేఅవుట్‌ను గట్ల నడిపితే చెయ్యి నొస్తది. బంద్ చేసి చూసేది లోపం గ్రాఫిక్స్ దిక్కు ఉన్నదా లేదా తెలుసుకునేటందుకే. తమ్ముడూ, ఉన్నదని తేలింది కదా, మళ్ల ఆన్ చెయ్యి.

నాకైతే ఇవి రెండు వేర్వేరు లోపాలు. మరకలు, నల్ల స్క్రీన్ మిషన్‌వి. హ్యాచ్ డ్రాయింగ్‌ది.

గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కమాండ్ కొట్టు. వచ్చిన డబ్బాల కార్డు పేరు ఉంటది. అక్కడ ఇంటెల్ అని ఉంటే ఆటోక్యాడ్ నీ పెద్ద కార్డును ముట్టుకుంటనే లేదు. విండోస్ సెట్టింగ్స్‌ల సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు పోయి, ఏక్యాడ్ డాట్ ఈఎక్స్ఈ ఫైల్‌ను చేర్చి హై పర్ఫార్మెన్స్ పెట్టు. ఆటోక్యాడ్ మూసి తెరువు.

నల్ల స్క్రీన్ సంగతి: గ్రాఫిక్స్ కార్డు 2 సెకన్లు జవాబియ్యకపోతే విండోస్ దాని డ్రైవర్‌ను (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను) ఆపి మళ్ల మొదలువెడ్తది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌ల సిస్టమ్ కింద ఈ సంగతి చెప్పే 4101 నంబర్ ఎంట్రీలున్నయా చూడు. ఉంటే డ్రైవర్‌నే ముందుగాల పట్టుకోవాలె. డివైస్ మేనేజర్‌ల డిస్‌ప్లే అడాప్టర్స్ కింద కార్డు ప్రాపర్టీస్‌కు పోతే డ్రైవర్ ట్యాబ్‌ల రోల్ బ్యాక్ (పాత డ్రైవర్‌కు మళ్లుడు) ఉంటది. ఆ బటన్ పనిచెయ్యకపోతే ఎన్‌విడియా సైట్ నుంచి స్టూడియో డ్రైవర్ దించుకొని, కస్టమ్‌ల క్లీన్ ఇన్‌స్టాలేషన్ టిక్ పెట్టు. ఇది కాకముందే ర్యామ్ మీద పైసలు పెట్టకు, ప్లీజ్.

ఇగ హ్యాచ్. పాయింట్ ఎక్స్, వై అంకెలు చూపే ఐడీ కమాండ్ కొట్టి ప్లాట్ మూల మీద నొక్కు. మన దిక్కు యూటీఎం (భూమిని జోన్లుగ చేసి మీటర్లల కొలిచే పద్ధతి) 44వ జోన్, కాబట్టి ఎక్స్ మూడున్నర లక్షలు దాటి, వై 20 లక్షల చుట్టుపక్కల వస్తది. ఫైల్‌ల ఆ అంకెలు 15 స్థానాల దాక భద్రంగనే ఉంటయ్. కార్డు స్క్రీన్ మీద గీసేటప్పుడు మాత్రం మామూలుగ 7 అంకెల దాకనే లెక్క పట్టుకుంటది. 20 లక్షల మీటర్ల దగ్గర అది విడదీయగలిగే అతి చిన్న దూరం 12.5 సెంటీమీటర్లు. రోడ్డు అంచు పాయింట్ ఇటో అటో జరిగి కూసుంటది, గీత చెదురుతది. దీనికి ఏ డ్రైవర్ మార్చినా లాభం లేదు. కాపీ తీసి, మొత్తం సున్నా దగ్గరికి మూవ్ చేసి చూడు.

జమ్మికుంట నుంచి, సర్వే పని

మూవ్ చేసిన కాపీని అప్‌లోడ్ చేయకుండ్రి, ప్లాట్లు అసలు జాగ విడిచిపెట్టి పోతయ్. బేస్ పాయింట్ చేతితోటి నొక్కకుండ 360000,2000000 అని టైప్ చేయుండ్రి, తర్వాత 0,0 (డైనమిక్ ఇన్‌పుట్ ఆన్ ఉండి కర్సర్ పక్క డబ్బాల కొడితే #0,0). ఆ అంకెలను డ్రాయింగ్‌లనే ఒక మూలకు రాసిపెట్టుండ్రి. హ్యాచ్ పని అయినంక ఉల్టా అవే అంకెలతోటి వెనుకకు పంపుండ్రి. మేమిచ్చిన ఒక పాయింట్ మీద ఐడీ కొట్టి, మా లిస్టుతోటి సరిపోయిందా చూసినంకనే సేవ్ చేయుండ్రి.

నయీంనగర్ డ్రాఫ్టర్

అక్కా, డబ్బాల ఇంటెల్ పేరే ఉన్నది. మార్చినంక కర్సర్ మరకలు పోయినయ్. 4101 ఎంట్రీలు కూడ కనవడ్డయ్, రోల్ బ్యాక్ చేసిన, ఇప్పటిదాక స్క్రీన్ నల్లగ కాలేదు. కాపీల హ్యాచ్ అంచులు సాఫ్‌గ వచ్చినయ్. సర్వే అన్న చెప్పినట్టు వెనుకకు పంపి, పాయింట్లు కలుపుకున్న. అందరికీ శనార్థులు. మళ్ల అప్‌డేట్ వస్తే ఎట్ల?

కరీంనగర్ నుంచి

ఇప్పుడు మంచిగ నడుస్తున్న డ్రైవర్ వెర్షన్ నంబర్ రాసుకో. అదే వెర్షన్ ఇన్‌స్టాలర్ దించి డీ డ్రైవ్‌ల పెట్టుకో. అప్‌డేట్ అయిన రోజు లేఅవుట్ ఫైల్ తెరవకముందే గ్రాఫిక్స్‌కాన్ఫిగ్‌ల కార్డు పేరు, వెర్షన్ చూసుకో.