3/8 ఔన్సు స్పిన్నర్‌బైట్‌కి వెనక బ్లేడు 4 చాలా, 5 వేయాలా?

ప్లేనో_నాన్న
అందరికీ నమస్కారం. ఈ చలికాలం గరాజ్‌లో స్పిన్నర్‌బైట్లు (వంచిన వైరుకి కింద సీసం తల, గాలం, పైన నీళ్లలో తిరిగే రేకు బ్లేడ్లు ఉండే చేపల ఎరలు) సొంతంగా చేయడం మొదలుపెట్టాను. అచ్చు 3/8 ఔన్సుది, వైరు 0.035 అంగుళాల స్టెయిన్‌లెస్. సీసం పోయడం, రంగు వేయడం, స్కర్ట్ (గాలాన్ని కప్పే కుచ్చు) కట్టడం వరకు ఇబ్బంది లేదు. బ్లేడ్ల దగ్గరే ఆగిపోయాను. ముందు చిన్న కొలరాడో (గుండ్రటి బ్లేడు), వెనక విల్లో (సన్నటి ఆకు లాంటి బ్లేడు) అంటున్నారు. ఆ వెనకది 4వ నంబరు సైజు వేయాలా, 5 వేయాలా? ఎక్కువగా వెళ్లేది ఇక్కడ టెక్సాస్‌లో లేక్ లవాన్‌కి, నీళ్లు బురదగా ఉంటాయి. పెద్ద ప్యాకెట్ కొనేముందు అడుగుతున్నాను.

సీసం_బాబాయ్
ముందు కొలరాడో 2, వెనక విల్లో 4. మరీ కావాలంటే 4.5. విల్లో 5 అర ఔన్సు తలకి, 0.040 వైరుకి వేసేది.

కారణం చెప్తాను. బ్లేడు తిరుగుతూ వైరుని తనతో పాటు తిప్పేయాలని చూస్తుంది. కింద ఉన్న సీసం బరువే దాన్ని నిటారుగా పట్టి ఉంచాలి. బరువు చాలకపోతే ఎర పక్కకి ఒరుగుతుంది. రీల్ కాస్త జోరుగా తిప్పారా, బోర్లా పడుతుంది. బ్లేడు పెంచితే తల పెంచాలి, తల పెంచితే వైరు మందం పెంచాలి. ఒక్కటే మార్చి ఊరుకుంటే కుదరదు.

ఇంకో సంగతి. నంబర్లు చూసి మోసపోకండి. విల్లో 4, కొలరాడో 4 పక్కపక్కన పెడితే విల్లోనే పొడవు, కానీ నీళ్లలో లాగితే కొలరాడోనే చేతికి బరువు. సన్నగా ఉండే విల్లో వైరుకి దగ్గరగా తిరుగుతుంది, గుండ్రటి కొలరాడో బాగా తెరుచుకుని తిరుగుతుంది.

గోదారి_గాలం
పెద్ద బ్లేడుకే పెద్ద చేప అన్నా. 5 వేసేయండి.

ఒడ్డు_మనిషి
బురద నీళ్లని ఆయన చెప్తుంటే విల్లో ఏంటండీ? విల్లో పని మెరవడం. బురదలో ఆ మెరుపు ఎవరు చూడాలి? చేపకి ఒంటి పక్కన గీత ఉంటుంది, నీటి అదురుని దానితోనే పసిగడుతుంది. లవాన్ లాంటి చోట ఆ అదురే ముఖ్యం. రెండు బ్లేడ్లు వద్దు, ఒంటి కొలరాడో 5 వేయండి. రాడ్ కొస దడదడలాడుతుంది, బ్లేడుకి నాచు తగిలి ఆగితే వెంటనే తెలుస్తుంది.

సీసం_బాబాయ్
ఆయన అడిగింది జంట బ్లేడ్ల గురించి, విల్లో 4నా 5నా అని. మీరు వేరే ఎర గురించి చెప్తున్నారు.

గోదారి గారూ, టెక్సాస్ రికార్డు బాస్ చేప 18.18 పౌండ్లు, లేక్ ఫోర్క్‌లో 1992 జనవరిలో పడింది. క్రాపీ అనే చిన్న రకం చేప కోసం వేసిన చిన్న మిన్నోకి (ఎర చేపకి) పడింది. పెద్ద ఎరకే పెద్ద చేప అన్న లెక్క అక్కడే తప్పింది.

గోదారి_గాలం
అది స్పిన్నర్‌బైట్ కాదు కదా అన్నా.

ఒడ్డు_మనిషి
జంటగానే కావాలంటే వెనక కూడా కొలరాడో 4 పెట్టుకోవచ్చు. నేనూ 3/8 తలే పోస్తాను, ఒంటి కొలరాడో 5 వేస్తాను. ఒక్కసారి కూడా బోర్లా పడలేదు.

సీసం_బాబాయ్
ఒక్కసారి కూడా పడలేదంటే నమ్మడం కష్టం. మీ రీల్ గేర్ ఎంత, అంటే పిడి ఒక చుట్టు తిప్పితే స్పూల్ ఎన్ని చుట్లు తిరుగుతుంది? సీసం ఏది వాడుతున్నారు? కారు చక్రాలకి వేసే పాత వీల్ వెయిట్లు కరిగిస్తే అది గట్టి మిశ్రమం, అదే అచ్చులో పోసినా మెత్తటి సీసం కన్నా తల తేలికగా వస్తుంది. అచ్చు మీద 3/8 అని రాసి ఉన్నంత మాత్రాన తల 3/8 అయిపోదు. త్రాసు మీద పెట్టి చూడండి.

ఒడ్డు_మనిషి
మెత్తటి సీసమే. రీల్ 5.4. నెమ్మదిగా తిప్పుతాను. స్పిన్నర్‌బైట్‌ని నెమ్మదిగానే తిప్పాలి.

సీసం_బాబాయ్
నా మాట కూడా అదే. మీరు నెమ్మదిగా తిప్పుతున్నారు కాబట్టి ఒరగడం లేదు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ల దగ్గర ఎక్కువగా 7 పైన గేర్ ఉన్న రీళ్లే. వాటితో 3/8 మీద కొలరాడో 5 వేస్తే ఎర పైకి లేచి నీటి మీద జారుతుంది. కొత్తవాళ్లకి మీ కొలతలు చెప్పడం తప్పు.

ఒడ్డు_మనిషి
తప్పు అంటున్నారు కాబట్టి నా అనుభవం చెప్తాను. ఇంట్లో చేసి అమ్మే ఒకాయన దగ్గర డజను స్పిన్నర్‌బైట్లు కొన్నాను. అన్నీ మీరు చెప్పిన కొలతలే, ముందు 2, వెనక విల్లో 4. వెనక బ్లేడుని తిరగనిచ్చే కీలు, అదే స్వివెల్, మామూలుది వేశాడు, బాల్ బేరింగ్ కాదు. నెమ్మదిగా లాగితే బ్లేడు తిరగదు. తిరిగేలా లాగితే ఎర చేప దాకా ఆగదు. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి నేలకి దిగి ప్రతిసారీ కర్రల్లో చిక్కుకుంది. సగం అక్కడే పోయాయి. చిన్న బ్లేడు గొప్పదనం నాకు చెప్పొద్దు.

సీసం_బాబాయ్
అది స్వివెల్ తప్పు. బ్లేడుది కాదు.

ఒడ్డు_మనిషి
నేలకి దిగడం కూడా స్వివెల్ తప్పేనా?

సీసం_బాబాయ్
దిగాలి కాబట్టి దిగింది. స్పిన్నర్‌బైట్ వాలుని పట్టుకుని కిందకి దిగుతూ రావాలి. నేను ఫోర్క్‌లో ఒడ్డు వైపు విసిరి మొద్దుల పక్క నుంచి లాగితే అడుగడుగుకీ లోతు పెరుగుతుంది, ఎర కూడా దిగుతుంది. పెద్ద కొలరాడో వేస్తే పైనే తేలుతూ వస్తుంది, కింద ఉన్న చేపకి అందదు. అందుకే విల్లో. అందుకే చిన్నది. దీంట్లో వాదించడానికి ఏముందో నాకు అర్థం కావడం లేదు.

ఒడ్డు_మనిషి
మీకు అర్థం కాదు, ఎందుకంటే మీరు బోటులో ఉన్నారు. పోయిన వసంతంలో లవాన్‌లో ఒక సన్నటి పాయలో నేను, మా అబ్బాయి నిలబడి వేస్తున్నాం. ఒక బోటు ఆయన మా ముందుకే వచ్చి, మా కాళ్ల దగ్గరికి విసరడం మొదలుపెట్టాడు. సారీ కూడా లేదు. ఇక్కడ సలహాలు ఇచ్చేవాళ్లందరూ ఆయన లాంటివాళ్లే. ఒడ్డున నిలబడేవాడి గురించి ఎవరూ ఆలోచించరు.

సీసం_బాబాయ్
ఆ బోటు నాది కాదు. ఎవరో చేసిన దానికి నన్నెందుకు అంటున్నారు? బ్లేడు నంబరు గురించి మాట్లాడండి, లేకపోతే ఆపేయండి.

ఒడ్డు_మనిషి
బ్లేడు నంబరు గురించే మాట్లాడుతున్నాను!

నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త తగ్గండి. అడిగినాయనకి ఇంకా జవాబు రాలేదు.

కట్టమీద_కరీంనగర్
అన్నా, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది చెరువులు, కొర్రమట్ట వేట. బాస్ గురించి నాకు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్తా. మేము ఒడ్డు నుంచే వేస్తాం, అయినా మాకు సీసం బాబాయ్ గారి చిన్న బ్లేడే పని చేస్తుంది. ఎందుకంటే మేము నిలబడేది చెరువు కట్ట మీద. తూము దగ్గర కట్టని ఆనుకునే లోతు. విసిరింది లోతు తక్కువ ఉన్న వైపు పడి, లోతులోకి వస్తుంది. అదే ఎదురు ఒడ్డుకి, పొలాల వైపు వెళ్తే అంతా ఉల్టా. లోతులో పడిన ఎర మన దగ్గరికి వచ్చేసరికి మోకాలి లోతు నీళ్లలో ఉంటుంది. అక్కడ చిన్న బ్లేడు వేస్తే నాచు పీక్కుంటూ కూర్చోవాలి. ఒకే చెరువు, ఒకే చేప, రెండు బ్లేడ్లు. మీరు ఒడ్డు, బోటు అని కొట్లాడుతున్నారు గానీ ఎర ఎక్కుతూ వస్తోందా, దిగుతూ వస్తోందా అన్నది ముందు చూడాలి కదా?

గోదారి_గాలం
ఇది మాట!

ఒడ్డు_మనిషి
నేను చెప్పాలనుకున్నది ఇదే. మేము ఒడ్డున వేస్తే ఎర ప్రతిసారీ ఎక్కుతూ రావాలి. బ్లేడే దాన్ని పైకి లేపాలి. చిన్న విల్లో లేపలేదు.

సీసం_బాబాయ్
జోరుగా లాగితే విల్లో కూడా లేస్తుంది.

ఒడ్డు_మనిషి
జోరుగా లాగితే బురదలో చేప దాన్ని పట్టుకోలేదు. నెమ్మదిగా రావాలి, నేల తాకకుండా రావాలి. రెండూ కావాలంటే కొలరాడోయే. తల బరువు తగ్గించి కూడా లేపచ్చు, కానీ అప్పుడు గాలికి ఎదురు దూరం పడదు. బోటు ఉన్నవాళ్లు దగ్గరికి వెళ్లి వేసుకుంటారు. మాకు దూరం పడాల్సిందే. 3/8 మీద పెద్ద బ్లేడు వేసేది అందుకే, సరదాకి కాదు.

సీసం_బాబాయ్
సరే, ఈ దూరం సంగతి మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. అయినా ఒక మాట. ఒడ్డు అంటే అన్ని చోట్లా ఎక్కుడే కాదు, కరీంనగర్ తమ్ముడు చెప్పినట్టే. లవాన్‌లో కూడా డ్యామ్ వైపు రాళ్లు పేర్చిన చోట కాళ్ల దగ్గరే లోతు. అక్కడ కొలరాడో 5 వేస్తే రాళ్ల మధ్య చేపకి అడుగుల ఎత్తున పోతుంది. ప్లేనో_నాన్న గారూ, మీరు నిలబడేది ఎక్కడ?

ప్లేనో_నాన్న
క్షమించాలి, బయటికి వెళ్లాను. బోటు లేదండీ. శనివారాలు పిల్లాడితో పార్కుల దగ్గర ఒడ్డునే. చాలా దూరం వరకు లోతు ఉండదు, నీళ్లు పెరిగినప్పుడు గడ్డి కూడా మునిగి ఉంటుంది. డ్యామ్ వైపు వెళ్లం. రీల్ 7.1.

ఒడ్డు_మనిషి
అయితే కొలరాడో. పిల్లాడికి కూడా అదే మంచిది. బ్లేడు కొట్టుకోవడం చేతికి తెలుస్తుంటే వాడికి ఎక్కడ ఆపాలో, ఎక్కడ లాగాలో త్వరగా అలవాటవుతుంది.

సీసం_బాబాయ్
7.1 రీల్‌తో 5 వద్దు. ఒంటి కొలరాడో 4 వేయండి. బాల్ బేరింగ్ స్వివెల్ మాత్రం తప్పనిసరి. పై వైరు వంచేటప్పుడు బ్లేడు గాలం వంపు పైకి వచ్చేలా చూసుకోండి. మరీ పొట్టిగా వంచితే బ్లేడు స్కర్ట్‌కి తగులుతుంది. పైనుంచి చూస్తే పై వైరు, గాలం ముల్లు ఒకే గీత మీద ఉండాలి. మొదటిది చేశాక కాళ్ల దగ్గరి నీళ్లలో నాలుగు అడుగులు లాగి చూడండి. జోరు పెంచినా ముల్లు నిటారుగా ఉంటే అప్పుడు 5 ప్రయత్నించండి.

ఒడ్డు_మనిషి
4తో మొదలుపెట్టండి, పర్లేదు. నాకు మాత్రం 5 లేనిదే ఆ పాయలో చేప పడలేదు.

కట్టమీద_కరీంనగర్
ఇండియానా 4 కూడా చూడండి అన్నా. కొలరాడోకి, విల్లోకి మధ్యలో ఉంటుంది. మా దగ్గర అలుగు పారేటప్పుడు అదే వాడతా. ప్రవాహానికి కొలరాడో ఊరికే పైకి వచ్చేస్తుంది.

ప్లేనో_నాన్న
కొలరాడో 4, 5 చిన్న ప్యాకెట్లు, ఇండియానా 4 ఇంకో ప్యాకెట్ పెడుతున్నాను. విల్లో ఇప్పుడే వద్దు. స్వివెల్ సైజు ఎంత తీసుకోవాలి?

సీసం_బాబాయ్
స్వివెల్ గురించి వేరే చర్చ తెరవండి. ఇక్కడే అడిగితే మళ్లీ మొదలవుతుంది.