రెండు ఆకుపచ్చ స్లిప్పర్ ఆర్కిడ్లకు ఊదారంగు పిల్లలా?

ప్రశ్న:
ఎరుపు ఛాయ ఏమాత్రం లేని, ఆకుపచ్చ-తెలుపు పూలు పూసే రెండు వేర్వేరు జాతుల పాఫియోపెడిలమ్‌లను (స్లిప్పర్ ఆర్కిడ్లను) సంకరం చేయగా, వాటి పిల్లమొక్కలు ఊదారంగులో పూశాయి. వేరే పుప్పొడి కలిసిందని అనుమానించాలా?

మొదటి సమాధానం:
అక్కరలేదండీ. ఊదారంగునిచ్చే ఆంథోసయనిన్ తయారు కావాలంటే అనేక జన్యువులు వరుసగా పనిచేయాలి. వాటిలో ఏ ఒక్కటి చెడినా రంగు ఆగిపోతుంది. మీ రెండు మొక్కల్లో చెడినవి వేర్వేరు జన్యువులైతే, ఒకదానిలో లోపించినదాన్ని రెండోది అందిస్తుంది కనుక పిల్లలకు రంగు తిరిగి వస్తుంది. ఒకే జన్యువు చెడి ఉంటే పిల్లలన్నీ ఆకుపచ్చగానే పూస్తాయి. కల్లోసమ్, లారెన్సియానమ్ జాతుల ఆకుపచ్చ రూపాలను కలిపినప్పుడు వచ్చే మాడియే మొక్కలు అటువంటివే. ఆ సంకరం 1900లోనే నమోదైంది.

రెండో సమాధానం:
రంగుల లెక్క కంటికి కనిపించినంత సులువు కాదు. పసుపు పూల అర్మేనియాకమ్ జాతిని గులాబీ పూల డెలెనాటీ జాతితో కలిపితే నారింజ రావాలనిపిస్తుంది గాని, ఎక్కువగా వచ్చేది తెలుపు, లేత మీగడ రంగు. ఆ సంకరం పేరే అర్మేనీ వైట్.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఈ ఊదా మొక్కలనుంచి మళ్లీ ఆకుపచ్చ పూలు రాబట్టవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
తోబుట్టువులను పరస్పరం కలపండి. లోపాలు రెండు వేర్వేరు జన్యువులలోనే ఉండి, అవి స్వతంత్రంగా సంక్రమిస్తే, సగటున 16 మొక్కలకు 9 రంగువి, 7 ఆకుపచ్చవి వస్తాయి. అయితే విత్తనం మొలిచి పువ్వు చూడడానికి ఏళ్లు పడుతుంది గనుక, గాజు ఫ్లాస్కులో మొలకలుగా ఉన్న దశలోనే మొక్కలను తగ్గించకండి.