220 అడుగుల డ్రైవ్‌వే, హాఫ్‌టన్ ట్రక్కు: ప్లౌ బిగించాలా, స్నో బ్లోయర్ కొనాలా?

చలికోటు:
నమస్తే అందరికీ. ఇల్లు మినియాపోలిస్‌కి దక్షిణాన, స్కాట్ కౌంటీలో. డ్రైవ్‌వే 220 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. గ్యారేజీ ముందు 50 అడుగులు కాంక్రీటు, మిగతాదంతా కంకర. బండి హాఫ్‌టన్ రకం పికప్ ట్రక్కు, 2018 ఫోర్డ్ ఎఫ్-150 సూపర్‌క్రూ, ఫోర్ వీల్ డ్రైవ్, 5.0 వీ8, బెడ్ (వెనక సామాను తొట్టి) ఐదున్నర అడుగులు, వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) 145 అంగుళాలు. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ముందు యాక్సిల్ పరిమితి 3,450 పౌన్లు, పక్కనున్న టైర్ల స్టిక్కర్ మీద పేలోడ్ (మనుషులతో సహా బండి మోయగల బరువు) 1,640 పౌన్లు అని ఉంది.

ఏడున్నర అడుగుల వాడిన ప్లౌ (బండి ముందు బిగించి మంచు నెట్టే బ్లేడు) ఒకటి అమ్మకానికి వచ్చింది, మౌంటుతో (బండికి బిగించే చట్రం) కలిపి బరువు 500 పౌన్లు. కొనవచ్చా? మంచు కరిగాక ఇదే బండితో డెక్ (ఇంటికి ఆనుకుని కట్టే చెక్క అరుగు) పని చేసుకోవాలి (8 పునాది గుంతలు), కంకర, మల్చ్ (మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు) తెచ్చుకోవాలి. బండి రెండింటికీ పనికొస్తుందా?

నట్టు_బోల్టు:
ముందు స్టిక్కర్లు చూసి అడిగారు, సగం పని అయిపోయింది. చాలామంది హార్స్‌పవర్ చూస్తారు. ప్లౌ విషయంలో ఇంజన్ ఎప్పుడూ అడ్డు రాదు, ముందు యాక్సిలే అడ్డు వస్తుంది.

డబ్బులు ఇచ్చేముందు రెండు పనులు చేయండి. ఒకటి, ఓనర్స్ మాన్యువల్‌లో స్నో ప్లౌ గురించి ఏం రాశారో చదవండి. ప్లౌలు తయారుచేసే వెస్టర్న్, ఫిషర్ కంపెనీల సైట్లలో మీ మోడల్, క్యాబ్, ఇంజన్ వివరాలిస్తే ఏ ప్లౌ పడుతుందో, వెనక ఎంత బరువు వేయాలో చెప్తాయి. రెండు, దగ్గరలోని ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (ట్రక్కులు తూచే కాటా) మీద బండి తూయించండి. ట్యాంకు నిండుగా, బెడ్ ఖాళీగా, సీట్లో మీరొక్కరే. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు ఇంకో పలక మీద ఉంటే చీటీలో రెండు యాక్సిళ్ల బరువూ విడివిడిగా వస్తుంది. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి.

చలికోటు:
తూయించాను. ముందు 2,980, వెనక 2,120.

నట్టు_బోల్టు:
లెక్క చూద్దాం. ప్లౌ బరువు యాక్సిల్ మీద కూర్చోదు, దానికి ముందు గాల్లో వేలాడుతుంది. ఊళ్లో ఏతం ఎలా పనిచేస్తుందో తెలుసు కదా, ఇదీ అంతే. ముందు చక్రాలు ఆనిక, ప్లౌ ఒక కొస, మీ వెనక చక్రాలు రెండో కొస. ప్లౌ ఎత్తినప్పుడు వెనక భాగం తేలుతుంది, అక్కడ తగ్గిన బరువు కూడా ముందుకే వస్తుంది.

ఎఫ్-150లో ప్లౌ బరువు మధ్య బిందువు ముందు యాక్సిల్‌కి సుమారు 60 అంగుళాల దూరంలో పడుతుందనుకుందాం. ముందు పెరిగేది 500 × (145+60) ÷ 145, అంటే 707 పౌన్లు. వెనక తగ్గేది 207. మీ ముందు యాక్సిల్ 2,980 నుంచి 3,687కి పోతుంది. పరిమితి 3,450. అంటే 237 ఎక్కువ.

వెనక ఇసుక వేసి సర్దుదామంటే, టెయిల్‌గేట్‌కి (బెడ్ వెనక తలుపు) ఆనించి పెట్టిన బస్తాల మధ్య బిందువు వెనక యాక్సిల్‌కి 36 అంగుళాలే వస్తుంది. నాలుగు పౌన్ల ఇసుక వేస్తే ముందు ఒక పౌను తగ్గుతుంది. 237 తగ్గాలంటే సుమారు 955 పౌన్ల ఇసుక కావాలి. ప్లౌ, ఇసుక కలిపి 1,455. పేలోడ్‌లో మిగిలేది 185 పౌన్లు. చలికోటు, బూట్లు వేసుకున్న ఒక్క మనిషికే అది చాలదు. ఆ ప్లౌ వదిలేయండి.

350 పౌన్ల చిన్న ప్లౌ (6 అడుగుల 8 అంగుళాలది) అయితే ముందు 495 పెరిగి 3,475 అవుతుంది. 60 పౌన్ల ఇసుక గొట్టం బస్తాలు ఐదు టెయిల్‌గేట్‌కి ఆనిస్తే ముందు 74 తగ్గి 3,401. పరిమితి లోపలే. బ్రోషర్లో బ్లేడు బరువు ఒక్కటే రాసి మౌంటు, పంపు విడిగా చూపిస్తారు, మూడూ కలిపి చూసుకోండి. బిగించాక మళ్లీ ఒకసారి తూయించండి, నా 60 అంగుళాలు అంచనా మాత్రమే.

బస్తాలు ఊరికే పడేయకండి. టూ-బై-ఫోర్ చెక్కతో హెచ్ ఆకారంలో చట్రం కట్టి, అడ్డ చెక్క చక్రాల గూళ్లకి ఆనేలా పెట్టి, బస్తాలు దాని వెనక ఉంచండి. గట్టిగా బ్రేకు వేస్తే 300 పౌన్ల గడ్డకట్టిన ఇసుక నేరుగా వెనక సీటు అద్దం మీదికి వస్తుంది.

రెండంచెల_బ్లోయర్:
లెక్క బాగుంది కానీ ఈ డ్రైవ్‌వేకి ప్లౌ అవసరమా అని నా అనుమానం. 12 అడుగుల వెడల్పుకి 28 అంగుళాల టూ-స్టేజ్ బ్లోయర్ (మంచుని ముందు లోపలికి లాగి, తర్వాత రెక్కలతో బయటికి విసిరేది) ఆరు వరసలు తిరిగితే చాలు, 1,320 అడుగుల నడక. ఆరు అంగుళాల పొడి మంచుకి, చివర రోడ్డు ప్లౌ వదిలిన కట్టతో కలిపి ముప్పావు గంట అనుకోండి.

బ్లోయర్ మంచుని 20, 30 అడుగులు దూరంగా విసురుతుంది. ప్లౌ నెట్టి పక్కన కుప్ప పోస్తుంది, ఆ కుప్ప మార్చి దాకా కరగదు. 2022-23 చలికాలంలో ట్విన్ సిటీస్‌లో (మినియాపోలిస్, సెయింట్ పాల్) 90 అంగుళాల మంచు పడింది. అలాంటి ఏడాది డిసెంబరులో కుప్పలు డ్రైవ్‌వే అంచునే పోసుకుంటే, ఫిబ్రవరికి 12 అడుగుల దారి 8 అడుగులవుతుంది.

కంకర మీద బ్లోయర్ నడపాలంటే స్కిడ్ షూలు (రెండు పక్కలా నేల మీద జారే లోహపు పాదాలు) దించి బ్లేడు నేలకి ఒక అంగుళం పైన ఉండేలా పెట్టండి. లేకపోతే గులకరాళ్లు తూటాల్లా లేస్తాయి. షియర్ పిన్నులు (రాయి తగిలితే తామే విరిగి గేర్‌బాక్స్‌ని కాపాడేవి) అరడజను దగ్గర పెట్టుకోండి. పిన్ను విరిగిందని దాని చోట మామూలు గట్టి బోల్టు వేస్తే, తర్వాత రాయి తగిలినప్పుడు బోల్టు విరగదు, గేర్‌బాక్స్ పగులుతుంది. మంచు బిగుసుకుంటే ఇంజన్ ఆపినా సరే చెయ్యి పెట్టకండి. లోపల బిగిసిన శక్తి ఉంటుంది, మంచు వదలగానే రెక్క ఒక్కసారి తిరుగుతుంది. మెషీన్‌తో వచ్చిన కర్రే వాడండి.

డకోటా_డీజిల్:
రెండంచెల గారి మాట నిజమే. అయితే తెల్లవారి ఐదింటికి మైనస్ 20 చలిలో ముప్పావు గంట నిలబడటానికి, వెచ్చటి క్యాబ్‌లో పది నిమిషాలు కూర్చోవడానికి తేడా ఉంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లుండి ఎప్పుడైనా ఆసుపత్రికి పోవాల్సినవాళ్లు ప్లౌ వైపు మొగ్గితే తప్పుపట్టను. బిగిస్తే మాత్రం ఇలా వాడండి.

నవంబరు మొదట్లో, నేల గట్టిపడకముందే, డ్రైవ్‌వే రెండు పక్కలా నాలుగడుగుల ఫైబర్‌గ్లాస్ కర్రలు 15 అడుగులకొకటి పాతండి. ఆ తర్వాత దిగవు.

కంకర గడ్డకట్టేదాకా బ్లేడు నేలకి ఆనించకండి. ఆనిస్తే మంచుతో పాటు కంకరంతా లాన్‌లోకి పోతుంది, ఏప్రిల్‌లో దంతితో ఏరుకోవాలి. షూలు దించి అంగుళం ఎత్తు ఉంచండి. మొదటి రెండు మంచులు రెండంగుళాల పొరలా అణిగిపోనివ్వండి, చలికాలమంతా ఆ పొరే రోడ్డు. షూలు లేని ప్లౌ అయితే, పొడుగునా చీల్చిన గొట్టాన్ని కటింగ్ ఎడ్జికి (బ్లేడు కింది అంచు) తొడిగి బిగిస్తారు, అది కంకర మీద జారుతుంది.

తుఫాను ఆగేదాకా ఆగకండి. నాలుగంగుళాలు పడగానే ఒకసారి, తర్వాత ఇంకోసారి. పన్నెండు అంగుళాల తడి మంచుని హాఫ్‌టన్ బండి ఒకేసారి నెట్టలేదు.

గ్యారేజీ తలుపు దగ్గర బ్లేడు దించి వెనక్కి లాక్కురండి, తర్వాత తిరిగి ముందుకి నెట్టండి. మొదటి మంచుకే కుప్పని వీలైనంత దూరం తోసేయండి, తర్వాత వచ్చేదానికి చోటుండాలి. నెట్టేటప్పుడు గంటకి 10 మైళ్లు దాటకండి. మంచులో దాగిన రాయి తగిలితే బ్లేడు ముందుకి వాలేలా స్ప్రింగులుంటాయి, కానీ వేగం ఎక్కువైతే స్ప్రింగు కాదు, మౌంటు వంగుతుంది.

ట్రాన్స్‌మిషన్లు పాడయ్యేది ఒకే అలవాటుతో. బండి వెనక్కి దొర్లుతుండగానే డ్రైవ్‌లో వేస్తారు. ఒక్కో మంచుకి వంద సార్లు గేరు మారుస్తాం. ప్రతిసారీ చక్రాలు పూర్తిగా ఆగాలి, అప్పుడే గేరు.

బ్లేడు లేవకపోయినా, నెమ్మదిగా లేచినా ముందు బ్యాటరీ చూడండి. పంపు మోటారు లేచిన క్షణంలో వంద ఆంపియర్లు దాటి లాగుతుంది, పాత బ్యాటరీ తట్టుకోదు. తర్వాత బంపరు దగ్గరి ప్లగ్గులు. ఉప్పు నీళ్లు చేరి పచ్చగా తుప్పు పడతాయి. శుభ్రం చేసి డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి, ప్లౌ తీసినప్పుడు మూతలు పెట్టండి. ఆ తర్వాత హైడ్రాలిక్ నూనె. అందులో నీళ్లు చేరితే చలికి గడ్డకట్టి పంపు ముక్కుతుంది. ఏటా సీజన్ మొదట్లో చలికి తగిన ప్లౌ నూనె మార్చండి.

రోడ్డు మీద పోయేటప్పుడు బ్లేడు ఎత్తి ఒక పక్కకి తిప్పండి, తిన్నగా ఉంటే రేడియేటర్‌కి గాలి అందక వేడెక్కుతుంది. 45 మైళ్లు దాటకండి.

రోడ్డు చివర ఇంకొక కిటుకు. డ్రైవ్‌వేలో రోడ్డుకి ఎదురుగా నిలబడితే కౌంటీ ప్లౌ మీ ఎడమ నుంచి వస్తుంది. ఎడమ పక్క రోడ్డు అంచున పది, పదిహేను అడుగుల ఖాళీ జేబు చెక్కండి. ప్లౌ తెచ్చే మంచు ఆ జేబులో పడుతుంది, మీ దారికి అడ్డంగా పడేది తగ్గుతుంది. మీ కుప్ప ఎప్పుడూ కుడి పక్క. రోడ్డు మీదికో, రోడ్డు దాటించి అవతలికో నెట్టకండి, మిన్నెసోటాలో అది చట్టవిరుద్ధం.

ప్రయర్‌లేక్_55:
మూడు చిన్న విషయాలు. కాలనీకి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే నిబంధనలు చదవండి, ప్లౌ బిగించిన బండిని బయట నిలపనివ్వని చోట్లున్నాయి. పక్కింటివాళ్ల డ్రైవ్‌వే డబ్బులు తీసుకుని తోస్తే మామూలు కారు ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు, ఏజెంటుతో ముందే మాట్లాడండి. కాంక్రీటు కొత్తదైతే మొదటి చలికాలం ఉప్పు వేయకండి, పైపొర పెచ్చులూడుతుంది. 15 ఫారెన్‌హీట్ కిందికి పోతే మామూలు రాతి ఉప్పు ఎలాగూ సరిగా కరిగించదు. బెడ్‌లో ఉన్న ఇసుక బస్తా ఒకటి విప్పి చల్లుకోవచ్చు.

వడ్రంగిపిట్ట:
డెక్ సంగతి నేను చెప్తాను. స్కాట్ కౌంటీలో ఫ్రాస్ట్ లోతు (చలికాలంలో నేల గడ్డకట్టే లోతు, పునాది అంతవరకు దిగాలి) 42 అంగుళాలు (ఉత్తర మిన్నెసోటాలో 60). 12 అంగుళాల వ్యాసం, 42 అంగుళాల లోతు గుంతకి 2.75 ఘనపుటడుగుల కాంక్రీటు. 80 పౌన్ల బస్తా 0.6 ఘనపుటడుగులిస్తుంది కాబట్టి గుంతకి ఐదు బస్తాలు, ఎనిమిదింటికి 40. బరువు 3,200 పౌన్లు. 1,640లో మీ బరువు తీసేస్తే ఒక్క ట్రిప్పుకి 17 బస్తాలకి మించవు, ఇసుకా ప్లౌ మౌంటూ దించాకే సుమా. మూడు ట్రిప్పులు, లేదా డెలివరీ. తవ్వేముందు 811కి ఫోన్ చేయండి, గ్యాసు, కరెంటు లైన్లు ఉచితంగా గుర్తుపెట్టి వెళ్తారు.

కంకర దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. ఒక క్యూబిక్ యార్డు కంకర 2,800 పౌన్ల దాకా తూగుతుంది. లోడరు డ్రైవరు ఒక బకెట్ వంపేసరికి బెడ్ సగం కూడా నిండదు, చూడటానికి ఇంకా చోటున్నట్టే ఉంటుంది. వెనక స్ప్రింగులు అప్పటికే ఆనిపోయి ఉంటాయి. మీ బండికి అర యార్డు, అంతే. మల్చ్ అందుకు సరిగ్గా వ్యతిరేకం. పొడిది యార్డు 400 నుంచి 800 పౌన్లు, కాబట్టి బెడ్ నిండుతుంది గాని బరువు మించదు. వాన పడ్డ మర్నాడు తెస్తే లెక్క మారిపోతుంది. పైన టార్పాలిన్ కట్టకుండా రోడ్డెక్కకండి.

ప్లైవుడ్, డ్రైవాల్ రేకులు 4×8 అడుగులవి చక్రాల గూళ్ల మధ్య చదునుగా పడుకుంటాయి, మధ్య ఖాళీ 50 అంగుళాల పైన ఉంటుంది. టెయిల్‌గేట్ దించితే అర అడుగే బయటికొస్తుంది. పట్టీ మధ్యలో ఒకటి, ముందు కొసన ఒకటి. ముందుది లేకపోతే గాలి రేకు కిందికి దూరి పైకి లేపుతుంది. 16 అడుగుల జాయిస్టులు (డెక్ పలకల కింద వేసే దూలాలు) మాత్రం ఐదున్నర అడుగుల బెడ్‌లో వేయకండి, టెయిల్‌గేట్ దించినా ఎనిమిదడుగులు వేలాడతాయి. నాలుగడుగులు దాటితే ఎర్రగుడ్డ కట్టాలనేది చట్టం, కానీ గుడ్డ కట్టినంత మాత్రాన బరువు సర్దుకోదు. గంటల లెక్కన దొరికే ట్రెయిలర్ తెచ్చుకోండి. ట్రెయిలర్ నాలుక బరువు (ట్రెయిలర్ తగిలించిన చోట బండి మీద పడేది) కూడా పేలోడ్‌లో కలుస్తుందని గుర్తుపెట్టుకోండి, మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం.

చలికోటు:
అందరికీ ధన్యవాదాలు. 500 పౌన్ల ప్లౌ వద్దని అమ్మేవాళ్లకి చెప్పేశాను. ఈ ఏడు 28 అంగుళాల బ్లోయర్, అయిదు ఇసుక బస్తాలు. వడ్రంగిపిట్ట గారూ, ఇసుక బస్తాలు ఏప్రిల్‌లో దించాక ఎక్కడైనా పనికొస్తాయా?

వడ్రంగిపిట్ట:
డెక్ మెట్ల కింద పేవర్లు (నేల మీద పరిచే బిళ్లలు) వేస్తారు కదా, వాటి కింద అంగుళం మందాన పరవండి. గొట్టం బస్తా ఇసుక కొన్నిసార్లు మరీ సన్నగా ఉంటుంది, చేత్తో నలిపి చూడండి, గరుకుగా తగిలితేనే వాడండి. సన్నగా ఉంటే బస్తాలు విప్పకుండా గ్యారేజీలో చెక్క పలక మీద పేర్చి ఉంచండి, నవంబరుకి మళ్లీ కావాలి.