స్టీరింగ్ కింద టక్ టక్ శబ్దం: ఇంటర్మీడియట్ షాఫ్ట్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

బెజవాడ_డీజిల్

అందరికీ నమస్తే. మాది 2012 మోడల్ చిన్న డీజిల్ కారు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. కొన్నాళ్లుగా గుంతల రోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే స్టీరింగ్‌లో చేతికి తెలిసేలా టక్ టక్ అంటోంది. బండి ఆపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ ఆడించినా పెడల్స్ వైపు నుంచి అదే శబ్దం. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే బండి కిందకి తొంగి కూడా చూడకుండా స్టీరింగ్ ర్యాక్ (ముందు చక్రాల్ని తిప్పే పళ్ల కడ్డీ) మొత్తం మార్చాలని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ మాత్రం పెడల్స్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, ర్యాక్ బాగానే ఉంది, స్టీరింగ్ జాయింట్ పోయింది, కొత్త క్రాస్ (జాయింట్ మధ్యలో ఉండే ప్లస్ ఆకారపు ముక్క) వేసి వెల్డింగ్ పెట్టి ఇచ్చేస్తానన్నాడు. నాకు ఆ వెల్డింగ్ మాట నచ్చలేదు. ఆ జాయింట్లు ఉండే ఇంటర్మీడియట్ షాఫ్ట్ (స్టీరింగ్ వీల్ కింది కాలమ్ నుంచి ర్యాక్‌కి పోయే కడ్డీ) కొత్తది కొని నేనే మార్చుకుందామని ఉంది. బ్రేక్ ప్యాడ్లు, లింక్ రాడ్లు నేనే మార్చుకుంటాను, టార్క్ రెంచ్ కూడా ఉంది. రెండు బోల్టుల పనే అంటున్నారు, నిజమేనా? స్టీరింగ్ కదా అని ఇంట్లో వాళ్లు టెన్షన్ పడుతున్నారు. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే జాగ్రత్తలు చెప్పండి.

పానా_12

రెండు బోల్టుల పనే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ రెండు బోల్టులే మీ చేతిలో ఉన్న స్టీరింగ్‌కీ ముందు చక్రాలకీ మధ్య ఉన్న లంకె, కాబట్టి తొందర పడకండి.

ముందు శబ్దం నిజంగా జాయింట్‌దేనా అన్నది తేల్చుకోండి. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ కొంచెం కొంచెం అటూ ఇటూ ఆడించమనండి, మీరు పెడల్స్ పక్కన కిందకి పోయే షాఫ్ట్ మీద, జాయింట్ దగ్గర వేళ్లు ఆనించి చూడండి. జాయింట్ అరిగితే దాని పై కొమ్ము (ఫోర్కులాంటి సగం) కదిలిన తర్వాత కింది కొమ్ము కాస్త ఆలస్యంగా కదలడం వేళ్లకే తెలుస్తుంది. రెండూ కలిసే కదులుతూ, శబ్దం మాత్రం బయట నుంచి వస్తుంటే అప్పుడు షాకర్ మౌంటింగ్, లింక్ రాడ్, ర్యాక్ ఎండ్, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ చూడాలి. ఇంకోటి, కొన్ని ఎలక్ట్రిక్ స్టీరింగ్ బండ్లలో మోటారు లోపల చిన్న రబ్బరు కప్లింగ్ ఉంటుంది, అది పొడైపోయినా ఇలాగే స్టీరింగ్ మధ్యలో టిక్ టిక్ మంటుంది. అదైతే షాఫ్ట్ మార్చినా శబ్దం పోదు. టక్ కాకుండా కీచుమని వస్తుంటే చాలాసార్లు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గరి రబ్బరు బూట్ ఎండిపోయి షాఫ్ట్‌కి రాసుకోవడమే, దానికి సిలికాన్ గ్రీజ్ చాలు.

మీలాంటి బండ్లలో ఈ జాయింట్ ఎందుకు త్వరగా అరుగుతుందంటే, పవర్ స్టీరింగ్ మోటారు కాలమ్ మీదే ఉంటుంది. అంటే మోటారు బలం మొత్తం ఈ సన్నటి షాఫ్ట్ గుండానే ర్యాక్‌కి చేరాలి. హైడ్రాలిక్ బండ్లలో సాయం ర్యాక్ దగ్గరే అందుతుంది, షాఫ్ట్ మీద పడేది మన చేతి బలం ఒక్కటే. అందుకే బండి నిలబెట్టి స్టీరింగ్ చివరిదాకా తిప్పే అలవాటు ఉంటే మానుకోండి, చక్రం కాస్త దొర్లుతున్నప్పుడే తిప్పండి.

ఇక పని. చక్రాలు సూటిగా పెట్టి, స్టీరింగ్‌ని సీట్ బెల్ట్‌తో గానీ తాడుతో గానీ కదలకుండా కట్టేయండి. దీన్ని మాత్రం వదిలేయకండి. షాఫ్ట్ విప్పాక స్టీరింగ్‌ని ఆపేది ఏదీ ఉండదు, ఎవరో చెయ్యి తగిలించి నాలుగు చుట్లు తిప్పారంటే లోపలున్న క్లాక్ స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కీ హారన్‌కీ కరెంటు అందించే చుట్ట వైరు) తెగిపోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతుంది, హారన్ కూడా పోవచ్చు. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగండి, టయోటా మాన్యువల్స్‌లో 90 సెకన్లు అని ఉంటుంది, ఇంకో రెండు నిమిషాలు ఎక్కువైనా నష్టం లేదు. పైన కాలమ్ దగ్గర, కింద ర్యాక్ పినియన్ (ర్యాక్‌ని జరిపే చిన్న పళ్ల చక్రం) దగ్గర షాఫ్ట్‌నీ జాయింట్‌నీ కలిపి పెయింట్‌తో గానీ వైట్‌నర్‌తో గానీ ఒక గీత గీయండి. ఫోటో తీసుకోండి. జపాన్ బండ్లలో ఆ బోల్టులకి ఎక్కువగా 12 నంబర్ పానా పడుతుంది.

బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. షాఫ్ట్ పళ్ల మీద అడ్డంగా ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి పోతుంది, అందుకే అది ఉన్నంతసేపు ఎంత లాగినా జాయింట్ ఊడదు. బిగించేటప్పుడు కూడా ఇదే మీకు పరీక్ష. జాయింట్ సరైన లోతుకి కూర్చుంటే బోల్టు చేత్తోనే తిరుగుతూ లోపలికి పోతుంది. చేత్తో పోవడం లేదంటే జాయింట్ సరిగ్గా కూర్చోలేదని అర్థం, పానా పెట్టి బలవంతంగా దింపకండి, మళ్లీ తీసి సరిచేయండి. గాడిలో పడకుండా పక్కన బిగిసిన బోల్టు కొన్నాళ్లు పట్టుకున్నట్టే ఉంటుంది, ఆ తర్వాత నడిరోడ్డు మీద జాయింట్ జారిపోతుంది.

న్యూజెర్సీ_తెలుగు

పైన పానా గారు చెప్పినవి అక్షరాలా నిజం. మా వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాబట్టి ఇక్కడ జాయింట్ అరగడం కంటే తుప్పు పట్టి బిగుసుకుపోవడం ఎక్కువ. అప్పుడు శబ్దం రాదు, స్టీరింగ్ ఒక చుట్టులో రెండు చోట్ల బరువుగా తగులుతుంది, మలుపు తిరిగాక దానంతట అది మధ్యకి రాదు. మీకు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కూడా కింది జాయింట్ ఇలా అవుతుంది, కాబట్టి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి.

ఎంత బిగుసుకున్నా సుత్తితో షాఫ్ట్‌ని పొడవు వెంబడి కొట్టకండి. ఆ దెబ్బ పైకి పోతే కాలమ్‌లోని టార్క్ సెన్సర్‌కి (స్టీరింగ్ మీద చేతి బలాన్ని కొలిచేది), కిందకి పోతే పినియన్ బేరింగ్‌కి తగులుతుంది. జాయింట్‌కి ఒక చీలిక ఉంటుంది కదా, అందులో వెడల్పాటి స్క్రూడ్రైవర్ పెట్టి కాస్త తెరిచి, అటూ ఇటూ ఆడిస్తూ లాగితే వచ్చేస్తుంది.

షాఫ్ట్ చిన్న విషయం అనుకునేవాళ్ల కోసం ఒక మాట. 2012 నవంబరులో టయోటా ప్రపంచవ్యాప్తంగా 27 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది, రెండో తరం ప్రియస్ కూడా అందులో ఉంది. తక్కువ వేగంలో స్టీరింగ్‌ని మాటిమాటికీ బలంగా చివరిదాకా తిప్పితే ఇంటర్మీడియట్ షాఫ్ట్ పళ్లు అరిగి ఆట (వదులు) పెరగవచ్చన్నదే దానికి కారణం. మీ బండికి ఏదైనా రీకాల్ ఉందేమో ఛాసిస్ నంబర్ పెట్టి కంపెనీ సైట్‌లో చూడండి, ఉంటే ఉచితంగా చేస్తారు.

బెజవాడ_డీజిల్

చాలా థాంక్స్ అన్నా ఇద్దరికీ. ఆదివారం మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి చూశాను, పై జాయింట్‌లోనే ఆట ఉంది, వేళ్లకి స్పష్టంగా తెలుస్తోంది. కొత్త షాఫ్ట్ ఆర్డర్ పెట్టేశాను. రెండు సందేహాలు. కొత్తది రెండు ముక్కలుగా, ఒకదాంట్లో ఒకటి జారేలా ఉంటుందట, లాగితే విడిపోతుందా? ఇంకా, మార్చాక స్టీరింగ్ కొంచెం వంకరగా వస్తే అలైన్‌మెంట్ షాపులో సరిచేయిస్తే సరిపోతుందా?

షెడ్డు_సుబ్బు

నాది కాకినాడలో షెడ్డు తమ్ముడూ, ఈ పని రోజూ చూసేదే. వెల్డింగ్ వద్దనుకున్నావు, మంచి పని చేశావు. ఆ క్రాస్ ఫ్యాక్టరీలో నొక్కి బిగించింది, ఊరికే మార్చడానికి చేసింది కాదు. వెల్డింగ్ వేడికి లోపలి సూది బేరింగుల సీలూ గ్రీజూ మాడిపోతాయి. పైగా ఆ షాఫ్ట్ ఒకదాంట్లో ఒకటి జారేలా చేసింది ఎందుకంటే, ముందు నుంచి గుద్దుకున్నప్పుడు అది కుదించుకుపోవాలి, స్టీరింగ్ డ్రైవర్ ఛాతీ మీదికి రాకూడదు. దాన్ని వెల్డింగ్‌తో గట్టిపరిస్తే ఆ రక్షణ పోయినట్టే.

జారే షాఫ్ట్‌ని విడదీయకు. విడిపోయి తప్పు పంటిలో కలిపావంటే రెండు జాయింట్ల కొమ్ములు ఒక వరసలో ఉండవు. ఒక్క జాయింట్ వంపులో తిరిగితే వేగం ఒక చుట్టులో రెండుసార్లు హెచ్చుతగ్గులు అవుతుంది, రెండో జాయింట్ సరైన వరసలో ఉంటేనే ఆ తేడా పోతుంది. వరస తప్పితే కొత్త షాఫ్ట్ వేసినా స్టీరింగ్ ఒక చోట బరువుగా ఒక చోట తేలిగ్గా తిరుగుతుంది. పాత షాఫ్ట్ పక్కన కొత్తది పెట్టి, పొడవూ పళ్లూ కొమ్ముల దిశా సరిచూసుకుని, నువ్వు గీసిన గీతల్ని కొత్త దాని మీదికి కూడా దించుకో.

వంకర సంగతి. విప్పకముందు స్టీరింగ్ సూటిగా ఉండి, బిగించాక వంకరగా వచ్చిందంటే ఒక పన్ను తప్పిందన్నమాట. దాన్ని టై రాడ్లు (ర్యాక్‌ని చక్రాలకి కలిపే కడ్డీలు) తిప్పి సరిచేస్తే పైకి సూటిగా కనిపిస్తుంది కానీ లోపల క్లాక్ స్ప్రింగ్, యాంగిల్ సెన్సర్ (స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచేది) ఉంటే అదీ మధ్యలో ఉండవు. మళ్లీ విప్పి ఒక పన్ను జరుపు, పది నిమిషాల పని. స్టీరింగ్ వీల్ విప్పి తిప్పి పెడతామనేవాళ్ల మాట వినకు.

బోల్టు కొత్తది వేసుకో, థ్రెడ్‌లాక్ చుక్క వెయ్యి, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించు. చిన్న బండ్లలో 25 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది కానీ నీ బండి నంబరు చూసుకునే బిగించు. ఫైర్‌వాల్ బూట్ గాడిలో సరిగ్గా కూర్చోబెట్టు, లేకపోతే వర్షాకాలంలో కార్పెట్ కిందకి నీళ్లు చేరతాయి. బ్యాటరీ పెట్టాక ఈపీఎస్ (ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్) లైట్, ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరిపోయాయో లేదో చూసి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా సమానంగా తిరుగుతోందో లేదో లెక్కపెట్టు. ముందు ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడుపు, మధ్యలో ఆపి, బిగించాక బోల్టుల మీద మార్కర్‌తో గీసిన గీత జరిగిందేమో చూడు. అన్నీ సరిగ్గా ఉంటేనే రోడ్డెక్కు. మొదటి వారం అయ్యాక ఇంకోసారి చూసుకో.

బెజవాడ_డీజిల్

సరే సుబ్బన్నా, అర్థమైంది. షాఫ్ట్‌తో పాటు రెండు కొత్త బోల్టులు కూడా ఆర్డర్‌లో కలిపేశాను. పార్ట్ రాగానే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఫోటోలు ఇక్కడే పెడతాను, కొమ్ముల వరస సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసి చెప్పండి, ఆ తర్వాతే బిగిస్తాను.