సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేముందు రిమ్ము దెబ్బలను, బాడీ మరమ్మతులను ఎలా అంచనా వేయాలి?

దూరప్రయాణి:

అందరికీ నమస్కారం. ఎనిమిదేళ్లు వాడిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి చూసి వచ్చాను. ఇంజను, గేర్లు, సర్వీసు పుస్తకం తృప్తిగానే ఉన్నాయి. నన్ను ఆపింది కుడివైపు ముందు చక్రం. దాని రిమ్ము అంచు జానెడు పొడవున గీసుకుపోయి, ఒకచోట వేలిగోరు పట్టేంత లోతుగా చెక్కుకుపోయింది. మిగిలిన మూడింటిపై చిన్న గీత కూడా లేదు. పార్కింగ్ చేస్తుండగా కాలిబాట గట్టుకు తగిలిందని యజమాని చెబుతున్నారు, అది నిజమే కావచ్చు. అయితే సాయంత్రపు ఏటవాలు ఎండలో చూసినప్పుడు తలుపు మీద నీడలు అద్దంలో ఉన్నట్లు నున్నగా కనిపించగా, ఆ చక్రం పైనున్న ఫెండర్ మీద నారింజ తొక్క లాంటి సన్నని గరుకు కనిపించింది. ఈ రెండింటికీ సంబంధం ఉందా? మరోసారి చూడటానికి గంటన్నర సమయం ఇచ్చారు. ఆ సమయంలో దేన్ని ముందు చూడాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాతగేరు:

దూరప్రయాణి గారూ, బయటి గీతను అంతసేపు చూసిన మీరు లోపలి అంచును చూశారా? నేను కొన్న మొదటి స్పోర్ట్స్ కారుకు నాలుగు రిమ్ములూ బయట అద్దాల్లా ఉండేవి. వారానికోసారి ఒక టైరులో గాలి తగ్గుతుంటే వాల్వు మార్పించాను, బ్యాలెన్సింగ్ చేయించాను, ఫలితం లేదు. చివరికి చక్రం విప్పి లోపలివైపు సబ్బునీళ్లు పోస్తే, తలవెంట్రుకంత సన్నని గీత పొడవునా బుడగలు వరుసగా లేచాయి. రిమ్ము లోపలి గోడ పగిలింది. గుంతలో దిగినప్పుడు దెబ్బ తినేది ఎక్కువగా ఆ లోపలి అంచే, ఎందుకంటే చువ్వలు బయటి ముఖానికి దగ్గరగా ఉండి ఆ వైపుకు బలాన్నిస్తాయి, లోపలి గోడకు అలాంటి ఆసరా ఉండదు.

సైజుల లెక్క కూడా చూడండి. టైరు మీది మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 195/65 టైరు పక్కగోడ ఎత్తు సుమారు 127 మిల్లీమీటర్లు, 245/35 టైరుకు దాదాపు 86 మాత్రమే. ఆ తగ్గిన 41 మిల్లీమీటర్ల రబ్బరు మింగాల్సిన దెబ్బను ఇక్కడ రిమ్మే మింగుతుంది. పోత పోసిన రిమ్ము అయితే పగిలే అవకాశం ఎక్కువ, ఫోర్జింగ్ చేసినదైతే (లోహాన్ని గట్టిగా అదిమి మలచినదైతే) చాలావరకు వంగుతుంది.

కారును జాక్ మీద లేపి, పెన్ను మొనను రిమ్ము అంచుకు దాదాపు ఆనేటట్లు కదలకుండా పట్టుకొని చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. పెన్నుకూ అంచుకూ మధ్య సందు ఒకచోట పెరుగుతూ మరోచోట తగ్గుతూ ఉంటే వంపు ఉన్నట్లే. కంటికి తెలిసేంత తేడా ఉంటే అది డయల్ గేజితో (సన్నని వంపును కచ్చితంగా చూపే పరికరంతో) కొలవాల్సిన చక్రం. ఆపైన టార్చి పెట్టి లోపలి గోడను చూడండి. అక్కడ వెల్డింగ్ గట్టు కనిపిస్తే నేనైతే ఆ రిమ్ము లేనట్లే లెక్కవేస్తాను.

టైరు పక్కగోడను అరచేత్తో నిమరడం మరవకండి. ఉబ్బు తగిలితే లోపలి దారాలు తెగాయని అర్థం, ఆ టైరుకు మరమ్మతు లేదు. అక్కడే ఉండే తయారీ కోడులో చివరి నాలుగు అంకెలు వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. మూడు టైర్లది ఒక తేదీ, దెబ్బ తగిలిన చక్రానిది మాత్రం వేరే తేదీ అయితే, ఆ ఒక్కటే ఎందుకు మార్చాల్సి వచ్చిందని తప్పకుండా అడగండి.

రంగులగది:

డెంటింగ్, పెయింటింగ్ పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా ఫెండర్ సంగతి చెబుతాను. రంగు మందం కొలిచే గేజి వెంట తీసుకెళ్లండి. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. 250, 300 చూపిస్తే మళ్లీ రంగు పడిందని అనుకోవచ్చు. వెయ్యి దాటితే కింద పుట్టీ ఉండే ఉంటుంది. అయితే ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పకూడదు. ఒక్కో రేకు మీద ఎనిమిది, పది చోట్ల కొలిచి, ఎడమ ఫెండర్‌ను కుడి ఫెండర్‌తో పోల్చినప్పుడే విషయం బయటపడుతుంది.

స్పోర్ట్స్ కార్ల దగ్గర ఒక చిక్కు ఉంది. అయస్కాంతంతో పనిచేసే గేజి ఉక్కు రేకు మీద తప్ప పనిచేయదు. బరువు తగ్గించడానికి చాలా కార్లకు బానెట్‌ను అల్యూమినియంతో చేస్తారు. 1990లో వచ్చిన హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌కు బాడీ మొత్తం అల్యూమినియమే. కాబట్టి రెండు లోహాలనూ చదివే గేజి కావాలి. కార్వెట్ లాగా మొదటినుంచీ ఫైబర్ బాడీతో వచ్చిన కార్ల మీద ఆ గేజి కూడా పనికిరాదు. అలాంటి బాడీకి ఎండను ఏటవాలుగా పడనిచ్చి సాలెగూడు లాంటి సన్నని పగుళ్లను వెతకాలి, వీలైతే రేకును వెనకవైపు నుంచి కూడా చూడాలి. అసలు పనిలో ఫైబర్ పొర ఒకే తీరుగా పరుచుకొని ఉంటుంది, అతుకు వేసిన చోట గరుకుగా దళసరిగా తేలుతుంది.

ఇక గేజి కంటే నేను ఎక్కువగా నమ్మేది బోల్టులను. బానెట్ ఎత్తి ఫెండర్‌ను పట్టి ఉంచిన బోల్టుల తలలను చూడండి. ఫ్యాక్టరీలో బిగించాక రంగు వేసిన బోల్టు మూలల మీద రంగు చెక్కుచెదరదు. ఒకసారి స్పానర్ పడితే ఆ మూలల్లో లోహం బయటపడుతుంది, వాషర్ కింద పాత ముద్ర పక్కకు జరిగి కనిపిస్తుంది. తలుపు అంచున ఉండే రబ్బరు బీడింగును వేలితో మెల్లగా వెనక్కి మడిచి చూస్తే, అంటించిన టేపు అంచున ఆగిపోయిన రంగు గట్టు తగులుతుంది. నేనే అలాంటి గట్లను ఎన్నోసార్లు నునుపు చేశాను, అయినా పూర్తిగా పోవు.

కొండదారి:

ఒక విషయంలో తొందరపడవద్దని నా మనవి. రంగు పడిన ప్రతి కారునూ వదిలేస్తూ పోతే స్పోర్ట్స్ కారు కొనడమే కుదరదు. నేలకు దగ్గరగా ఉండే ఆ ముక్కు మీద రాళ్లు కొట్టుకుంటాయి, ముందు బంపర్‌కు మళ్లీ రంగు వేయించడం మామూలు విషయం. ముందు బంపర్ అడుగున గీతలు లేని కారు నాకు ఇంతవరకు కనిపించలేదు. ఆ గీతలు ముందు నుంచి వెనక్కి సమాంతరంగా ఉంటే స్పీడ్ బ్రేకర్ల పని, అడ్డంగా ఉన్నా, బిగింపులు ఊడి ఉన్నా ఆరా తీయాలి.

రిమ్ము గీతకు మరమ్మతు చేయించవచ్చు. అయితే లేత్ మీద ముఖం చెక్కి మెరిపించిన రిమ్ములయితే చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది, అందువల్ల ఆ పని కొన్నిసార్లకు మించి చేయలేరు. కార్బన్ సెరామిక్ బ్రేకు డిస్కులున్న కారయితే చక్రం విప్పేటప్పుడు మీరే దగ్గరుండండి, రిమ్ము తగిలితే డిస్కు అంచు పెచ్చులూడుతుంది.

అలైన్‌మెంట్ మనిషి:

దూరప్రయాణి గారి ప్రశ్నకు సమాధానం రిమ్ముకూ ఫెండర్‌కూ మధ్యనే ఉంది. చక్రానికి తగిలిన దెబ్బ అక్కడితో ఆగదు. చక్రాన్ని బిగించే హబ్బు నుంచి దాన్ని మోసే నకిల్‌కు, అక్కడినుంచి నకిల్‌ను కింద పట్టుకునే లోయర్ ఆర్మ్‌కు, స్టీరింగ్‌తో కలిపే టై రాడ్‌కు, చివరికి సస్పెన్షన్ పైకొనను బిగించే బాడీ భాగమైన టవర్‌కు చేరుతుంది. ఫెండర్ రంగును చూసి మురిసినా భయపడినా ఈ దారి తెలియదు. అందుకే ఆ గంటన్నరలో అరగంట చక్రాల కోణాలను కొలిచే అలైన్‌మెంట్ యంత్రానికి కేటాయించండి. సరిచేయవద్దని, ఉన్నది ఉన్నట్లుగా కొలిచి కాగితం ఇవ్వమని చెప్పండి.

ఆ కాగితంలో టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) ఒక్కటే చూసి వదిలేయకండి, అది సులువుగా సర్దగలిగేది. క్యాంబర్‌ను (ముందు నుంచి చూస్తే చక్రం ఒరిగిన కోణం, పైభాగం లోపలికి ఒరిగితే మైనస్), స్టీరింగ్ ఇరుసు వాలును (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత లోపలికి వాలిన కోణం) రెండువైపులా చూసి, ఒక్కో వైపున ఆ రెండింటినీ ప్లస్, మైనస్ గుర్తులతో సహా కూడండి. మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి నకిల్ నుంచి టవర్ దాకా నిలిచే కడ్డీ) ఉన్న కారులో క్యాంబర్ తేడాగా ఉండి ఈ మొత్తం కూడా రెండువైపులా కలవకపోతే స్ట్రట్టో నకిలో వంగింది, అవి మార్చుకోవచ్చు. క్యాంబర్ తేడాగా ఉన్నా మొత్తం రెండువైపులా సమానంగా వస్తే ఆ భాగాలు తిన్నగానే ఉన్నాయి, వాటిని పట్టుకున్న చోటు కదిలింది. లోయర్ ఆర్మ్ వంగి ఉండవచ్చు, క్రేడిల్ (రెండువైపుల లోయర్ ఆర్మ్‌లను పట్టి ఉంచే అడుగు చట్రం) పక్కకు జరిగి ఉండవచ్చు, లేదా టవరే లోపలికి ఒరిగి ఉండవచ్చు. క్రేడిల్ జరిగితే ఒక చక్రం ఎటు మారిందో రెండోది దానికి ఎదురుగా మారుతుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. టవర్ ఒరిగితే అది బాడీ పని, వంగిన బాడీని లాగి సరిచేసే చాసిస్ బెంచీ మీదికి ఎక్కాల్సిన పని.

దూరప్రయాణి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్లీ వెళ్లి చూశాను. కుడి ఫెండర్ అంతటా 260 నుంచి 310 మైక్రాన్లు, తలుపు 120, ఎడమ ఫెండర్ 125. పుట్టీ ఎక్కడా లేదు. అంటే సొట్ట తీసిన ఫెండర్ కాదు, కొత్తది తెచ్చి రంగు వేసి బిగించినట్లుంది. బోల్టు తలల మూలల్లో లోహం మెరుస్తోంది. రిమ్ము లోపలి అంచున పగులు లేదు గానీ పెన్ను పెట్టి తిప్పితే ఒకచోట సందు బాగా పెరిగింది.

కాగితం ఇలా ఉంది. ఎడమ క్యాంబర్ మైనస్ 1.0, ఇరుసు వాలు 14.0, కుడి క్యాంబర్ మైనస్ 1.9, ఇరుసు వాలు 14.9. కూడితే రెండువైపులా 13.0. కుడి లోయర్ ఆర్మ్, టై రాడ్ కొత్తవి, వాటి మీద స్టిక్కర్ ఇంకా ఉంది.

అలైన్‌మెంట్ మనిషి:

ఎడమవైపు అంకెలు తయారీదారు చెప్పిన హద్దుల్లో ఉంటే క్రేడిల్ జరగలేదు. లోయర్ ఆర్మ్ కొత్తది, పైగా అది లోపలికి వంగితే క్యాంబర్ పాజిటివ్ వైపు పోవాలి, ఇక్కడ నెగటివ్ వైపు పోయింది. ఇక మిగిలింది టవర్. బానెట్ కింద కుడి టవర్ చుట్టూ రేకుల అతుకుల మీద పూసిన పేస్టును చూడండి. రెండు టవర్ల నుంచి వాటి వెనకనున్న అడ్డగోడ మీది ఒకే రకం రంధ్రాల దాకా టేపుతో ఐమూలగా కొలవండి.

దూరప్రయాణి:

ఎడమవైపు హద్దుల్లోనే ఉంది. ఈ ఉదయం టేపు పట్టాను. ఎడమ టవర్ బోల్టు నుంచి కుడి మూల రంధ్రానికి, కుడి టవర్ బోల్టు నుంచి ఎడమ మూల రంధ్రానికి మధ్య 11 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఎడమ టవర్ చుట్టూ పేస్టు గట్టిపడి, ఫ్యాక్టరీ యంత్రం గీసిన ఒకే వెడల్పు గీతలా ఉంది. కుడివైపు మాత్రం వేలితో పులిమినట్లు హెచ్చుతగ్గులుగా ఉంది, గోరు నొక్కితే దిగింది. యజమానికి ఆ రెండు చోట్లూ చూపించాను. తాను కొన్నప్పటికే అలా ఉండి ఉంటుందని అన్నారు, ఆయన మాటను నేను కాదనడం లేదు. ఆ కారు వద్దని చెప్పి వచ్చేశాను.

అదే మోడల్ మరొకటి రేపు చూడబోతున్నాను. ఫొటోల్లో నాలుగు రిమ్ములకూ గీతలున్నాయి, ముందు బంపర్ అడుగు గీసుకుపోయింది. కానీ బానెట్ కింద తీసిన ఫొటోలో రెండు ఫెండర్ల బోల్టుల మీదా రంగు చెదరలేదు. ముందే అడిగి అలైన్‌మెంట్‌కు సమయం ఖాయం చేసుకున్నాను.