రైల్వేలో ఏ-1 వాళ్లకు 55 దాటాక ఏటా మెడికల్: అవసరమా, వేధింపా?

రన్నింగ్‌రూమ్:
గూడ్స్ లోకో పైలట్‌ని, వయసు 56. రైలు నడిపే మా ఏ-1 మెడికల్ కేటగిరీకి 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆ పైన రిటైరయ్యేదాకా ఏటా పీఎంఈ, అంటే రైల్వే డాక్టర్ల దగ్గర ఆరోగ్య పరీక్ష. పోయిన నెల వెళ్లాను. అంతకు ముందు వరసగా రెండు నైట్ డ్యూటీలు. బీపీ ఎక్కువొచ్చిందని సిక్ లిస్టులో పెట్టారు. పన్నెండు రోజుల తర్వాత ఫిట్ ఇచ్చారు. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఏటా ఈ టెన్షన్ అవసరమా?

పాతక్లర్కు:
అవసరమే. నాకు కళ్లు మసకబారితే ఒక ఫైలు ఆగుతుంది. మీకు మసకబారితే ఏం ఆగదో మీకే తెలుసు.

రన్నింగ్‌రూమ్:
నేను బీపీ గురించి అడిగాను, కళ్ల గురించి కాదు.

సౌమ్య_కంటిపరీక్ష:
కళ్లే ముఖ్యం అండీ, ముఖ్యంగా రంగులు. ఇషిహారా చుక్కల పుస్తకంలో మొదటి పేజీలో 12 ఉంటుంది, అది అందరికీ కనిపిస్తుంది. అసలు పరీక్ష రెండో పేజీ నుంచి. అక్కడ మామూలు చూపుకి 8, ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు 3 కనిపిస్తుంది.

మూడోలైను:
ఆ పుస్తకం బట్టీ పట్టి పాసైనవాళ్లున్నారు మేడమ్. 12, 8, 6, 29 అని ఎక్కాల్లా అప్పజెబుతారు.

సౌమ్య_కంటిపరీక్ష:
పేజీలు అటూ ఇటూ చేసి అడిగితే దొరికిపోతారు. రంగు దీపాలు చూపించి అడిగే లాంతరు పరీక్ష కూడా ఉంటుంది.

మూడోలైను:
అడిగేవాళ్లకు అంత ఓపిక ఉండాలి కదా. మా బ్యాచ్‌లో ఒకడు...

రన్నింగ్‌రూమ్:
బాబూ, నా బీపీ ఏమైంది? అందరూ చుక్కల దగ్గరే ఆగిపోయారు.

పాతక్లర్కు:
నేను సూటిగా చెప్తాను. ఫిట్ అయితే నడపండి, అన్‌ఫిట్ అయితే ఇంటికెళ్లండి. మధ్యలో డీకేటగిరైజ్ చేసి, అంటే బండి నడిపే కేటగిరీ తీసేసి, ఆఫీసుల్లోకి తోలడం ఏమిటి? మా సెక్షన్‌కి ఇద్దరొచ్చారు. ఒకాయనకు కుర్చీలో గంట కూర్చోవడమే కష్టం, లేచి కిటికీ దగ్గర నిలబడి వెళ్లే బండ్లు లెక్కపెట్టుకుంటాడు.

వాదనకర్త:
ఇంటికి పంపడం కుదరదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) చూడండి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే పే స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి, ఖాళీ లేకపోతే అదనంగా సృష్టించిన సూపర్‌న్యూమరరీ పోస్టులో ఉంచాలి. రంగులు గుర్తించలేని తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసులోనూ 2025లో సుప్రీంకోర్టు, వేరే పని చూపాలనే చెప్పింది.

పాతక్లర్కు:
బీపీ వైకల్యమా?

వాదనకర్త:
నేనలా అన్నానా?

రన్నింగ్‌రూమ్:
క్లర్కు గారూ, కిటికీ దగ్గర నిలబడే ఆ మనిషి ముప్పై ఏళ్లు అర్ధరాత్రి కాల్ వస్తే సగం అన్నం వదిలేసి, డ్యూటీ ఎక్కే ఆఫీసైన లాబీకి పరిగెత్తినవాడు. వెటకారం చెయ్యడానికి మీకు నోరెలా వచ్చింది? ఏసీ కింద కూర్చుని...

పాతక్లర్కు:
ఏసీ లేదు. ఫ్యాన్ ఉంది, అదీ మూడో నంబరులోనే తిరుగుతుంది. సరే, అసలు సంగతి చెప్తాను. పదిహేడేళ్లు ఒకే సెక్షన్‌లో చేశాను, సీనియారిటీ లిస్టులో మూడోవాణ్ని. వాళ్లిద్దరూ వచ్చాక ఐదోవాణ్నయ్యాను. సరిసమానమైన గ్రేడులో వాళ్లు చేసిన పాత సర్వీసంతా లెక్కలోకి వస్తుందట. ఆ ఏడాది ప్రమోషన్ ప్యానెల్‌లో నా పేరు లేదు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు, మధ్యాహ్నం ఇద్దరం కలిసే తింటాం. కానీ ఆయన గుండెకు వచ్చిన జబ్బుకి నా ప్రమోషన్ ఎందుకు పోవాలో ఏ సర్క్యులర్‌లోనూ రాయలేదు.

మూడోలైను:
ఇదన్నమాట. ముందే చెప్పొచ్చు కదా సార్, ఇంతసేపు చుక్కలు లెక్కపెట్టాం.

రన్నింగ్‌రూమ్:
మీకు పోయింది ఒక ప్యానెల్. కేటగిరీ పోతే నాకు కిలోమీటరేజ్, అంటే బండి నడిపిన దూరాన్ని బట్టి వచ్చే అలవెన్సు, పోతుంది. బేసిక్‌కి 30 శాతం కలుపుతారు, నిజమే, కానీ బండి నడిపినప్పుడు చేతికొచ్చేది అది కాదు. పిల్ల చదువు లోన్ ఆ లెక్క మీదే తీసుకున్నాను.
నేనూ ఒకటి చెప్పాలి. బీపీ పోయిన నెల వచ్చింది కాదు. రెండేళ్లుగా బయట డాక్టరు దగ్గర మాత్రలు వాడుతున్నాను, రైల్వే మెడికల్ బుక్కులో రాయించలేదు. పరీక్షకి ముందు క్రమం తప్పకుండా వేసుకుని వెళ్లేవాణ్ని. ఈసారి వరస నైట్‌లలో బ్యాగులో షీటు అయిపోయింది, కొనడానికి తీరిక దొరకలేదు.

సౌమ్య_కంటిపరీక్ష:
అయ్యో. మందులతో అదుపులో ఉంటే ఫిట్ ఇస్తారని మీకే తెలిసొచ్చిందిగా. ఎందుకు దాచారు?

రన్నింగ్‌రూమ్:
క్లర్కు గారి లిస్టులోకి రావాల్సి వస్తుందని.

పాతక్లర్కు:
రేపే బుక్కులో రాయించండి. మిగతా గొడవ తర్వాత పడదాం.

కొత్తసభ్యుడు47:
పీఎంఈకి ముందు రోజు నైట్ డ్యూటీ వేయొద్దని లాబీలో రాసిస్తే ఒప్పుకుంటారా? నాకు వచ్చే వారమే ఉంది.