పాట 3 నిమిషాల 40 సెకన్లు, షాట్లు 74, షూటింగ్ రెండు రోజులు: మా స్టోరీబోర్డు ఎక్కడ తేడా కొట్టింది?

కంచరపాలెం సెకండియర్:

నమస్తే అందరికీ. సెమిస్టర్ ప్రాజెక్టుకి మన విశాఖలోనే మ్యూజిక్ వీడియో తీయాలి. పాట మా క్లాస్‌మేటే కట్టాడు. కథ చిన్నది: అక్కకి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, తమ్ముడు స్కూటీ మీద కంచరపాలెం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి తీసుకెళ్లి బస్సెక్కిస్తాడు. పాడేది తమ్ముడే. అద్దె కెమెరా ఒకటి, ఫోన్లు రెండు, మనుషులం అయిదుగురం.

నాకు బొమ్మలు రావు. అయినా స్టోరీబోర్డుకి మూడు రాత్రులు కూర్చుని, షాట్‌కో బొమ్మ చొప్పున 74 గళ్లు నింపాను. ఆర్కే బీచ్‌లో సూర్యాస్తమయం, అక్కడి సబ్‌మెరైన్ మ్యూజియం పక్క నుంచి స్కూటీ, కైలాసగిరి మీద ఇద్దరూ, ఎర్రమట్టి దిబ్బల్లో చరణం, ఆఖర్న డ్రోన్. మా మేడమ్ చూసి "ఇది టూరిజం వాళ్లకివ్వు" అని పుస్తకం వెనక్కిచ్చేశారు. క్లాసంతా నవ్వింది. సోమవారం మళ్లీ చూపించాలి. ఏటి తీసెయ్యాలో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గాజువాక పెళ్లి కెమెరా:

తమ్ముడూ, కంచరపాలెం నుంచి కాంప్లెక్స్‌కి బయల్దేరినోడు కైలాసగిరి ఎందుకెక్కాడు? బస్సు వెళ్లిపోదూ? మన ఊరోళ్లు ఎవరు చూసినా ముందు అదే అడుగుతారు. ఇంకోటి, ఆర్కే బీచ్‌లో సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు పుట్టేది నీళ్లలో, మునిగేది మన వీపు వెనక ఊరివైపు. ఆ గడి చింపెయ్. నేవీ ఉన్న ఊళ్లో డ్రోన్ జోలికి అసలు పోకు.

లెక్క చూసుకో. 220 సెకన్లకి 74 షాట్లంటే ఒక్కోటి మూడు సెకన్లు. చూడ్డానికి బాగానే ఉంటుంది, తీయడానికే ప్రాణం పోతుంది. కెమెరా జరిపి, వెలుతురు చూసి, రెండు టేకులు తీసేసరికి షాట్‌కి ఇరవై నిమిషాలు. ఎనిమిది గంటలకి ఇరవై నాలుగు. భోజనం, ట్రాఫిక్ తీసేస్తే ఇరవై. రెండు రోజులకి నలభై కన్నా ఎక్కువ గీయకు.

నీ 74 గళ్లలో అక్క ముఖం దగ్గరగా ఉన్నది ఎన్ని? నువ్వు చెప్పినదాన్ని బట్టి ఒక్కటీ లేనట్టుంది. స్కూటీకి హెల్మెట్లు రెండు కదా. ఇంటి దగ్గర అక్కకి పట్టీ బిగించడం ఒక గడి. కాంప్లెక్స్ దగ్గర ఆవిడ తీసి వీడి చేతికివ్వడం ఒకటి. తిరుగు ప్రయాణంలో ఆ ఖాళీ హెల్మెట్ వీడి మోచేతికి వేలాడుతూ ఉండటం ఇంకోటి. నీ కథ అక్కడుంది, కొండ మీద లేదు.

మద్దిలపాలెం ఎడిటర్:

పైన అన్న చెప్పిన హెల్మెట్టే మీకో చిక్కు కూడా. ఫుల్ హెల్మెట్‌లో పెదాలు కనబడవు, లిప్ సింక్ పోయినట్టే. అది లేకుండా రోడ్డు మీద నడపకండి. తమ్ముడు పాడే లైన్లన్నీ బండి ఆగిన చోట పెట్టండి: రైల్వే గేటు, సిగ్నల్, టీకొట్టు.

పాటకి నిమిషానికి 96 బీట్లు ఉన్నాయనుకోండి, నాలుగు బీట్లకి రెండున్నర సెకన్లు. ప్రతి గడి కింద ఎన్ని బీట్లో రాయండి. బొమ్మ అందంగా లేకపోయినా పర్లేదు, ఆ అంకె మాత్రం ఉండాలి. స్లో మోషన్‌లో పాడించాలనుంటే పాటని రెట్టింపు స్పీడులో ప్లే చేసి, సెకనుకి 50 ఫ్రేములతో తీసి, 25 మీద నడపండి, పెదాలు కలుస్తాయి. కుర్రాడికి మాత్రం ముందు ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి, నాలుక తిరగదు.

కంచరపాలెం సెకండియర్:

అన్నా, లెక్కపెట్టాను. అక్క ముఖం నిజంగానే ఒక్క గడిలోనూ దగ్గరగా లేదు. అన్నింట్లోనూ వీపే, ఎందుకంటే నాకు ముఖాలు గీయడం రాదు! ఇప్పుడు పుల్లల బొమ్మలే వేసి పక్కన "దగ్గరగా" అని రాశాను. 38కి దించాను. బీచ్ మొత్తం తీసేశాను, సబ్‌మెరైన్ తీసేటప్పుడు మాత్రం మనసు ఒప్పలేదు.

కాంప్లెక్స్ లోపల షూటింగ్‌కి ఎవర్ని అడగాలో?

గాజువాక పెళ్లి కెమెరా:

స్టేషన్ మేనేజర్ని కలిసి, కాలేజీ లెటర్ చూపించి అడుగు. కాదంటే గొడవ పడకు. రాత్రిపూట బయట రోడ్డు పక్కన కుర్రాణ్ణి నిలబెట్టి, బస్సు వెనక లైటులా ఎర్రలైటు ముఖం మీద పడి పక్కకి జారిపోయేట్టు చెయ్, బస్సు శబ్దం తర్వాత కలుపుకో. హెల్మెట్ మర్చిపోకు.